మంగళవారం పెట్టె

పెనుకొండ స్టేషన్లో బెంగుళూరు పాసింజరు ఇంకా పూర్తిగా ఆగలేదు. జాహెదా అప్పటికే తలుపు కడ్డీ పట్టుకుని బయటికి వంగి ప్లాట్‌ఫారమంతా కళ్లతో గాలించేసింది. వేరుశనగ మూటలు, పాలక్యాన్లు, ఆవలిస్తున్న పోలీసు. నాగప్ప లేడు. అతని భార్య కదిరమ్మ లేదు. తలకు ఎర్రగుడ్డ కట్టుకుని, తల్లి చంకలోంచి దూరాన్నుంచే చెయ్యి ఊపే ఆరేళ్ల ఈశ్వరి లేదు.

"వచ్చినారా?" లోపలినుంచి లాల్‌సాబ్ అడిగాడు.

"రాల్యా మామా."

"పోయిన మంగళారమూ రాల్యా."

గార్డు జెండా ఊపాడు. రైలు కదిలింది. జాహెదా లోపలికొచ్చి కూర్చుంది. ఎదురుగా ముగ్గురు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. దాన్ని ఎవరూ ఆక్రమించలేదు. అది ఆ పెట్టెలో కట్టుబాటు. రావలసినవాళ్లు రాకపోతే హిందూపురం దాటేదాకా ఆ చోటు ఖాళీగానే ఉంచాలి.

ఇంజను నుంచి మూడో పెట్టె అది. 1984లో ఆ దోవన తిరిగేవాళ్లంతా దాన్ని మంగళవారం పెట్టె అనేవాళ్లు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లలో ఎక్కే ఏడుగురు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అందులో కూర్చునేవాళ్లు. పిల్లలందరిదీ ఒకటే జబ్బు, రక్తపు కాన్సరు. మంగళవారం మధ్యాహ్నానికి బెంగుళూరు చేరి, రాత్రికి ఆసుపత్రి వరండాలో పడుకుని, బుధవారం రక్తపరీక్ష, సూది చేయించుకుని తిరుగు రైలెక్కడం వాళ్ల పని.

దీన్ని మొదలుపెట్టింది జాహెదానే. ధర్మవరంలో ఇంటిదగ్గరే పట్టుదారానికి పురి పెట్టి బతికే మనిషి. మూడేళ్లకింద కూతురు గుల్జార్‌ను ఒంటరిగా తీసుకుపోతుంటే, పిల్ల వాంతి చేసుకుందని, నెత్తిన వెంట్రుక లేదని, అంటురోగమేమోనని చుట్టూ ఉన్నవాళ్లు లేచి వెళ్లిపోయారు. వాళ్లు ఖాళీ చేసిన బల్లమీద కూతుర్ని కాళ్లు చాపి పడుకోబెట్టింది జాహెదా. మరుసటి వారం అలాంటి బోడితల ఇంకొకటి ప్లాట్‌ఫారం మీద కనపడితే కేకేసి పిలిచింది. "ఈడికి రామ్మా. ఈడ ఎవురూ లేచి పోరు." అలా పెరిగింది పెట్టె. దగ్గుండేవాళ్లను ఎక్కనివ్వరు. కాచి చల్లార్చిన నీళ్ల క్యాను అందరిదీ.

లాల్‌సాబ్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. అతను తీసుకొచ్చే మనవడు పోయిన ఏడు చనిపోయాడు. నలభై రోజులు కాగానే వచ్చిన మంగళవారం, ఎప్పటిలాగే రైలు షెడ్డులోంచి రాకముందే వచ్చి, తువ్వాలు పరిచి బల్లలు పట్టిపెట్టాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఒక్క వారం మానలేదు.

బుధవారం పొద్దున ఆసుపత్రిలో నర్సు రూతమ్మ జాహెదాను పక్కకు పిలిచింది. ఆమెది హిందూపురమే.

"ఆ పెనుకొండ పాప ఏమైంది? కార్డు రాస్తే తిరిగొచ్చింది చూడు. పెనుకొండలో అట్లాంటి మనుషులే లేరంట."

"ఊరు తప్పు చెప్పినట్టుండారు సిస్టర్."

"ఎందుకు చెప్తారు?"

"ఊర్లో తెలిస్తే నీళ్ల కాడికి రానీరని భయం. నేనూ మొదట్లో కామెర్లనే చెప్పుకున్న్యా."

డాక్టరు దాచకుండా చెప్పాడు. ఆ పిల్ల రక్తంలో జబ్బు కనపడకుండా పోయింది గాని వేరు పోలేదు. ఇప్పుడిచ్చే మందు దాన్ని మళ్లీ లేవకుండా తొక్కిపెట్టే మందు. రెండు వారాలు తప్పింది. మూడోది తప్పితే తిరగబెట్టవచ్చు. తిరగబెడితే మొదట పనిచేసిన మందులు ఈసారి పనిచేస్తాయన్న నమ్మకం లేదు.

అంటే వచ్చే మంగళవారం రైలుకు ఆ పిల్ల ఎక్కాలి. ఏ ఊరిలో ఉందో తెలియని పిల్ల.

శుక్రవారం జాహెదా పురి పని పక్కింటామెకు అప్పగించి పెనుకొండ పోయింది. బస్టాండులో కండక్టర్లను, స్టేషను ముందు జట్కావాళ్లను, మిఠాయి అంగడివాళ్లను అడిగింది. ఎర్రగుడ్డ పిల్లను అందరూ చూశారు. ఏ ఊరో ఒక్కడికీ తెలియదు. "తెల్లారకముందే ఏదో లారీలో దిగుతారక్కా" అన్నాడొక జట్కా మనిషి. అంతే.

ఆదివారం గుల్జార్ తలకు నూనె రాస్తూ, "ఈశ్వరి నీతో వాళ్లూరి సంగతులేమీ చెప్పల్యానే?" అని అడిగింది జాహెదా.

గుల్జార్‌కు ఎనిమిదేళ్లు. మాటల పుట్ట. "శానా చెప్పింది. వాళ్లకు రెండు మేకలుండాయి. వాళ్లవ్వ ముక్కుపొడి పీలుస్తాది. వాళ్లూర్లో ఏందో మూడు పూటలా కూత కూస్తాదంట. కూత కూస్తే వాళ్ల నాయన భూమి లోపలికి పోతాడంట. అబద్దాలు చెప్తాది మా, ఎవురన్నా భూమి లోపలికి పోతారా?"

జాహెదా చేతిలో నూనెగిన్నె అలాగే ఆగింది.

"పోతారే. బంగారం తవ్వేవాళ్లు పోతారు."

సోమవారం తొలి బస్సుకు చెన్నేకొత్తపల్లి, అక్కడినుంచి ఇంకో బస్సుకు బంగారు గనులుండే రామగిరి. గుల్జార్‌ను మరునాడు రైలెక్కించే పని లాల్‌సాబ్‌కు ఒప్పజెప్పి, తాను ఈశ్వరితో పెనుకొండలో ఎక్కుతానంది. గని దగ్గర షిఫ్టు దిగి వస్తున్నవాళ్లను నిలబెట్టి, నాగప్ప అనే పేరున్నవాళ్లు ముగ్గురుంటే, వాళ్లలో చిన్నపిల్ల ఉన్నవాడెవడో తేల్చుకుని, పక్క పల్లెలో ఇల్లు కనుక్కునేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

గుమ్మానికి వాడిపోయిన వేపమండలు వేలాడుతున్నాయి. ముందు చప్టామీద ఒక ముసలామె చింతపండు గింజలు కొడుతూ కూర్చుంది. లోపలినుంచి ఈశ్వరి పరుగెత్తుకొచ్చింది. నెత్తిన వేలెడు వెంట్రుకలు.

"గుల్జార్‌వాళ్లమ్మ! అవ్వా, గుల్జార్‌వాళ్లమ్మ వచ్చింది!"

ముసలామె సుత్తె కిందపెట్టింది. పేరు వెంకటసుబ్బమ్మ. నాగప్ప తల్లి.

"ఓహో, రైల్లో ఆయమ్మవా? వచ్చిన దోవనే పో తల్లీ. మా పాపకు బాగైంది."

"బాగైందని డాక్టరు చెప్పినాడా అవ్వా?"

"మారెమ్మ చెప్పింది. రెండు పొట్టేళ్లు కొట్టి ఊరందరికీ పెట్టినాము. గుడి ముందర, నా నోటితో నేను చెప్పినా. తల్లీ, నా మనవరాలి రోగం పోయింది, నీ మొక్కు తీరిందని. మొక్కు తీరినాక మళ్లీ మందు మింగితే ఏమన్నట్టు? తల్లిని నమ్మనట్టు గదా!"

"రేపటి రైలుకు పోకపోతే..."

"పోకపోతే ఏమవుతాది? మీ డాక్టరు మా మారెమ్మ కంటే గొప్పోడా?"

"గొప్పోడు కాదవ్వా."

"మరింకేం? మజ్జిగ తాగి పో."

నీళ్లు ముంచిస్తానన్న వంకతో కదిరమ్మ జాహెదాను పెరటిలోకి తీసుకుపోయింది. పాతికేళ్లుంటాయి. కళ్లకింద నల్లటి చారలు. రవిక లోపలినుంచి ఖాళీ మాత్రల సీసా తీసి చూపించింది.

"మాత్రలైతే మాననీలేదక్కా. రాగిముద్దలో పెట్టి మింగిస్తాండా. ముసలామె ముందరే, ఆమెకు తెల్వకుండా. మొన్న శనివారంతో అయిపోయినాయి."

జాహెదా ఆ సీసా వైపు చూసింది. పిల్లను ఇంకా పూర్తిగా పోగొట్టుకోలేదు. ఇంకా పట్టు ఉంది.

"నువ్వు నాతో వచ్చేస్తావా రేపు?"

"వస్తా. ఆమె ఒప్పకపోయినా వస్తా." కదిరమ్మ గొంతు తగ్గించింది. "కానీ ఈసారికి వస్తా. మళ్లీ వారం ఎట్ల? ఇంకా రెండేండ్లంటాండారే. రెండేండ్లు అత్తతో కొట్లాడి రైలెక్కల్లంటే నాతో అయితాదా?"

ఆ మాట నిజం. ఎత్తుకుపోవడం ఒక మంగళవారానికే పనికొస్తుంది. ముసలామె ఒప్పుకుని తీరాలి.

జాహెదా మళ్లీ ముందుకొచ్చి చప్టామీద కూర్చుని, తానూ ఒక రాయి తీసుకుని చింతపండు కొట్టడం మొదలుపెట్టింది. వెంకటసుబ్బమ్మ ఓరగా చూసి కొంచెం పక్కకు జరిగింది. పనికి ఇంకో చెయ్యి దొరికితే ఎవరూ కాదనరు.

"నేనూ మొక్కుకున్న్యా అవ్వా. పెనుకొండ బాబయ్య దర్గాలో."

"బాబయ్యకు మేమూ మొక్కుతాము."

"ఆరు నెలలకు నా బిడ్డకు వెంట్రుకలొచ్చినాయి. బువ్వ తినింది. ఆడుకుంది. చాదరు కప్పి, పదిమందికి పెట్టి, మొక్కు తీర్చేసినా. ఇంగ బాగైపోయిందనుకుని రైలెక్కడం మానేసినా. అప్పుడు ఈ పెట్టె లేదు, రాలేదేమని అడిగే నాథుడు లేడు. ఐదో వారానికి మెడకింద గడ్డలు లేచినాయి. ముక్కులోంచి రక్తం. మళ్లీ మొదట్నుంచి సూదులు. ఈసారి నడుములోకి. మూడు నెలలు బిడ్డను పట్టుకుని పడుకోబెట్టింది నేనే. నేను చేసిన తప్పుకు అది అరిచింది."

సుత్తె ఆగింది. "బతికిందా?"

"బతికింది. బతుకుతాదని డాక్టర్లు చెప్పలేకపోయినారు, అయినా బతికింది. అందరూ బతుకుతారని నేను చెప్పనవ్వా. ఒక్క వారం తప్పకుండా వచ్చిన బిడ్డ పోయిన ఏడు మా చేతుల్లోనే పోయినాడు. రాకుండా ఉంటే మాత్రం ఏమైతాదో నాకు తెలుసు."

వెంకటసుబ్బమ్మ ముక్కుపొడి డబ్బీ తీసింది, మూసింది, పీల్చలేదు.

"అయితే నా మొక్కు అబద్దమంటావా? ఊరందరి ముందర నేను చెప్పింది అబద్దమంటావా? రేపు నా నోరే బిడ్డను మింగిందంటారు. నా మాట ఎట్ల వెనక్కి తీసుకోవల్ల?"

అదీ అసలు సంగతి. జాహెదా రాయి కిందపెట్టింది.

"అవ్వా, నీ చిన్నప్పుడు ఊర్లో అమ్మోరు పోసిందా?"

"రెండుసార్లు పోసింది. మా అన్నను తీసకపాయ."

"జాతర చేసినారా?"

"చేయకుండా ఉంటారా? దున్నను కొట్టి, నెత్తురన్నం కలిపి, ఊరిచుట్టూ పొలి చల్లినారు. రోగాన్ని పొలిమేర దాటించినారు."

"దాటించి మొగోళ్లు ఇండ్లకొచ్చి పండుకున్నారా?"

"ఎట్ల వస్తారు?" ముసలామెకు కోపం వచ్చింది, తెలియనిదానికి నేర్పుతున్నట్టు. "తొమ్మిది దినాలు పొలిమేర్లో కట్టెలు పట్టుకుని కావలుంటారు. లోపలోళ్లు బయటికి పోరాదు, బయటోళ్లు లోపలికి రారాదు. కావలి లేకపోతే దాటిపోయింది మళ్లీ తిరుక్కోని రాదా?"

"మారెమ్మ దాటించినాక కావలేంటికవ్వా? అమ్మమీద నమ్మకం లేకనా?"

వెంకటసుబ్బమ్మ చూపు గుమ్మానికున్న వేపమండల మీదికి పోయింది. ఎండలో మేక ఒకటి అరిచింది. గని కూత కూసింది, పొడుగ్గా, రెండోపూట షిఫ్టుకు.

"నీ మొక్కు నిజం" అంది జాహెదా. "రోగం పోయింది. డాక్టరు గూడా అదే చెప్తాండాడు, రక్తంలో లేదని. ఇప్పుడు చేసే సూది రోగానికి కాదు. అది కావలి. ఆ అమ్మోరి రోగానికి తొమ్మిది దినాలు. ఈ పాడు రోగానికి రెండేండ్లు."

"రెండేండ్లా కావలి?"

"రెండేండ్లు. నేను మూడేండ్లుగా కాస్తాండా."

ముసలామె చింతగింజలను ఒకవైపుకు తోసింది. తర్వాత లోపలికి తిరిగి కేకేసింది. "ఏమే కదిరీ! పాప గుడ్డలు మూట గట్టు. నావి గూడా పెట్టు. ఈయమ్మ చెప్పినట్టు కావలి ఎట్ల కాస్తారో నేనే చూడల్ల."

కాసేపటికి షిఫ్టు దిగి వచ్చిన నాగప్ప జాహెదాను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఊరు తప్పు చెప్పినవాడి మొహం అతనిది.

"ఊరోళ్లడిగితే ఏం చెప్పల్లమ్మా?" అన్నాడు తల్లితో.

"పొలిమేర కావలికి పోయినామని చెప్పు. ఎవడన్నా ఇంగో మాటంటే నా దగ్గరికి పంపు."

అంతా కుదిరింది. కుదరనిది బస్సు ఒకటే. మంగళవారం తెల్లవారకముందు రావలసిన బస్సు, తెల్లవారినా రాలేదు. ఎక్కడో టైరు పగిలిందన్నారు. నాగప్ప పరుగున పోయి, పెనుకొండ సంతకు గొర్రెలను తోలుకుపోయే లారీని రోడ్డుకడ్డంగా నిలబడి ఆపాడు.

"ఏమబ్బా, చావల్లనుందా?" డ్రైవరు అరిచాడు.

"బతకల్లనే ఆపినా. స్టేషనుకు పోవల్ల."

ముందు క్యాబినులో కదిరమ్మ, పిల్ల, ముసలామె. వెనక గొర్రెల మధ్య జాహెదా, నాగప్ప. చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్దరోడ్డెక్కాక డ్రైవరు తొక్కాడు. జాహెదా నాగప్ప చేతి గడియారం అడిగి చూసింది. మళ్లీ చూసింది. మూడోసారి చూడలేదు, లెక్క తేలిపోయింది. స్టేషను చేరేసరికి రైలు పోయి పావుగంట అవుతుంది.

"ఇంగ బస్సులో పోదామా అక్కా?" నాగప్ప అడిగాడు.

"పోదాం. ఎట్లయినా పోదాం. ఈ లారీనే బెంగుళూరికి తిప్పమన్నా తిప్పిస్తా."

లారీ స్టేషను ముందు ఆగింది. జాహెదా కిందికి దూకింది. లోపల గోలగోలగా ఉంది. రైలు ఉంది.

రైలు ఉండటమే కాదు, మూడో పెట్టె మొత్తం ప్లాట్‌ఫారం మీద ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు, బోడితలల పిల్లలు, అందరూ నేలను వెతుకుతున్నారు. గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఎక్కండయ్యా! పోయింది చెప్పు ఒకటే గదా!"

"చెప్పే సార్, ఒప్పుకుంటా" అంటున్నాడు లాల్‌సాబ్, బెంచీ కిందికి తల పెట్టి. "కానీ ఆ బిడ్డకు కాలికి ముల్లు గీసుకుంటే రక్తం ఆగదు. చెప్పు లేకుండా ఎట్ల ఎక్కియ్యల్ల? మీకూ పిల్లోళ్లుండారు గదా సార్. ముప్పై ఏండ్లు ఈ పట్టాల మీదే పనిచేసినా, నేను చెప్తాండా, డ్రైవరు కదిలించడు. మనిషి చక్రం దగ్గర ఉంటే కదిలించగూడదు. రూలు."

నిజంగానే ఒకామె చక్రం దగ్గర చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి వెతుకుతోంది. ఆమెను లేపితే ఇంకొకామె వంగింది. గుల్జార్ ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి తల్లిని చూసింది.

"మా! నా చెప్పు తాత జేబులో ఉండాది" అంది, ప్లాట్‌ఫారమంతా వినపడేట్టు.

గార్డు లాల్‌సాబ్ వైపు చూశాడు. తర్వాత గొర్రెల వెంట్రుకలంటిన చీరతో పరిగెత్తుకొస్తున్న జాహెదాను, వెనక పిల్లనెత్తుకున్న నాగప్పను, కదిరమ్మను, కొంగు నడుముకు చుట్టి మనుషులను నెట్టుకుంటూ వస్తున్న ముసలామెను చూశాడు. ఈశ్వరి నెత్తిన ఎర్రగుడ్డను చూశాడు. అతను ఆ లైనుమీద కొత్తవాడు కాదు.

"చెప్పు దొరికిందా?" అన్నాడు మెల్లగా.

"దొరికింది సార్" అన్నాడు లాల్‌సాబ్, జేబులోంచి తీస్తూ.

"పద్దెనిమిది నిమిషాలు. హిందూపురంలో నన్ను తిడతారు. ఎక్కండి."

రైలు కదిలాక వెంకటసుబ్బమ్మ కళ్లు పెట్టె అంతా తిరిగాయి. ఒక్కొక్క బోడితల దగ్గరా ఆగాయి. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టి, మధ్యలో మానేసింది.

"మా ఇంటికే వచ్చిందనుకున్న్యా" అంది.

ఎవరో చెంబుతో కాచిన నీళ్లు అందించారు.

బుధవారం పదింటికి రక్తం తీశారు. పన్నెండుకు గాని ఫలితం రాదు. కదిరమ్మ వరండా గోడకు ఆనుకుని కదలకుండా నిలబడింది. నాగప్ప మెట్లమీద కూర్చుని లేచి, లేచి కూర్చుని. పన్నెండున్నరకు రూతమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"లేదు" అంది. "తిరగబెట్టలేదు. మాత్రలు ఉన్నన్నాళ్లూ ఆపకుండా వేసినందుకు బతికిపోయారు. కానీ తప్పిన రెండు వారాలకు డాక్టరుగారు నడుముకు సూది రాశారు. ఇప్పుడే."

"మాత్రలా?" వెంకటసుబ్బమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏం మాత్రలే?"

కదిరమ్మ కళ్లు దించలేదు. "రాగిముద్దలో పెట్టినానత్తా. దినమూ."

ముసలామె కోడలి ముందుకు వచ్చి నిలబడింది. "నా ముందరే?"

"నీ ముందరే."

"దొంగముండ" అంది వెంకటసుబ్బమ్మ. అని కోడలి భుజమ్మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే సూది గదిలోకి నడిచింది.

లోపల ఈశ్వరిని పక్కకు తిప్పి, మోకాళ్లు గడ్డానికి ఆనేట్టు ముడిచి పట్టుకోవాలి. పిల్ల కదిలితే సూది తప్పు చోట దిగుతుంది. ఎప్పుడూ నాగప్ప పట్టుకునేవాడు. ఈసారి ముసలామె అతన్ని పక్కకు నెట్టింది. సుత్తె పట్టి పట్టి గట్టిపడ్డ చేతులతో పిల్లను ముడిచి పట్టుకుంది. పిల్ల ఏడ్చింది. చేతులు బిగిశాయి. సూది దిగి, బయటికి వచ్చేదాకా సడలలేదు.

"అయిపోయిందా?" అంది ఊపిరి వదిలి.

"ఈవారానికి అయిపోయిందవ్వా" అంది జాహెదా.

వెంకటసుబ్బమ్మ మనవరాలి మొహం కొంగుతో తుడిచి, కొడుకు వైపు తిరిగింది.

"నాగప్పా, గనిలో మీ మేస్త్రీకి చెప్పు. మంగళారం, బుధవారం నీకు పనొద్దని. ఆయప్ప ఒప్పుకోకపోతే నన్ను తోడుకోని పో. కావలి ఎట్లుంటాదో నేను ఆయప్పకు చెప్తా."